ఫారంలో ఊరు గడి

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అప్పటికే యూనివర్సిటీలో భూగోళశాస్త్రం క్లాసులు ఊడ్చీ ఊడ్చీ నా నడుం వంగింది. ఊడుస్తూనే పాఠాలు విన్నాను. కొత్తగా చేరిన పిల్లలకు మొదట చెప్పేది ఒకటుంది. జాగా వేరు, చోటు వేరట. ఉత్త జాగాలో మనుషులు బతికి, పేరు పెట్టుకుని, ఇది మాది అనుకుంటే అది చోటు అవుతుందట. ఏటా అదే పాఠం. సారు సెలవు పెడితే నేనే చెప్పగలిగేదాన్ని.

మా బస్తీ తార్నాక నుంచి సీతాఫల్‌మండి వైపు వెళ్తుంటే ఒక సందు లోపల ఉంటుంది. నల్లా లేదు, ట్యాంకరే దిక్కు. నల్లా కోసం అర్జీ పెట్టబోతే బస్తీ పటం, ఇంటింటి వివరాలు జతచేయమన్నారు. పటాలు గీసేవాళ్ల గదే నేను ఊడ్చేది కదా అని సారును అడిగాను.

"మంచిదే గదమ్మా, మా పిల్లలకు ప్రాక్టికల్ అయితది" అన్నాడు.

నలుగురు విద్యార్థులు వచ్చారు. నేను గర్వంగా ముందు నడిచాను. ఫారాలు పట్టుకున్న అమ్మాయి ప్రతి గడప దగ్గరా "మీదే ఊరు?" అని అడిగింది.

మా ఎదురింటామె ఆ సందుకే కోడలై వచ్చింది, అక్కడే మనవరాలిని ఎత్తుకుంది. "మాది జనగామ దిక్కు బిడ్డా" అంది. చర్చి పక్కనుండే ముసలాయన ఇంకా సాగదీశాడు. "సూర్యాపేట అవుతల. గాడ నా పేరు చెప్తె ఎవలైనా ఇల్లు చూపిస్తరు."

"చూపించెటందుకు గాడెవలున్నరు పెద్దయ్యా, నీ తోటోళ్లంత పాయె" అని ఎదురింటామె నవ్వింది.

నా వంతు వచ్చింది. "మోత్కూరు పక్కన" అన్నాను నేనూ. ఊరు అడిగితే పుట్టిన ఊరే చెప్పాలి. బస్తీ పేరు చెప్తే అమ్మానాన్నా లేనివాళ్లనుకుంటారు మాలో.

పటం కాపీ ఒకటి క్లాసు గోడకు తగిలించారు. చీపురు పక్కన పెట్టి, కూడబలుక్కుని చదివాను. మా సందు మీద అడ్డగీతలు, కింద రాత: తాత్కాలిక నివాసం, అందరూ బయటి ఊళ్లవారు. అర్జీతో ఇంకో కాపీ అప్పటికే వెళ్లిపోయింది.

"గిదేంది సారూ? పిల్లల్ని కని పెంచిన సందు మాకు తాత్కాలికమెట్లయితది?"

సారు ఫారాల కట్ట విప్పి చూపించాడు. "మీరే చెప్పిన్రు గదమ్మా. ఒక్కరన్న మాది గీ ఊరే అన్నరా?"

"ఎన్నేండ్లసంది ఉన్నరని ఒక్క ముక్క అడగొద్దా? చోటు పాఠం చెప్పేది మీరే గద."

"ఆ గడి ఫారంల పెట్టలేదమ్మా."

పాఠం చెప్పడానికి నోరుంది, అడగడానికి గడి లేదు. దిద్ది మళ్లీ పంపామన్నారు. జవాబు రాలేదు. పైపు పక్క సందు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ సందువాళ్లు ఇప్పుడు నల్లా నీళ్లతో వాకిలి కడుగుతుంటే మేము చూస్తాం.

నేను చెప్పిన ఆ ఊరికి పోయినేడు ఒక చావుకు వెళ్లాను. చెప్పులు విడవకముందే మరదలు పలకరించింది. "ఎప్పుడొచ్చినవ్ వదినే? ఏ బస్సుకు పోతవ్?" మా ఇల్లు ఉన్న జాగాలో ఎవరివో బర్రెలు కట్టేసి ఉన్నాయి. అక్కడ నన్ను పట్నపామె అంటారు. ఇక్కడ మోత్కూరామె అంటారు.

మొన్న ట్యాంకర్ దగ్గర, కొత్తగా అద్దెకు దిగిన పిల్ల నా వెనక బిందె పెడుతూ అడిగింది. "మీదే ఊరు అమ్మమ్మా?"

ఇంత జరిగాక కూడా నోటికి ముందు వచ్చింది అదే. "మోత్కూరు పక్కన" అనేసి బిందె ముందుకు జరుపుకున్నాను.