మూడో తొట్టికి బెల్లం

సోమయ్య ఎన్నడూ సముద్రం చూడలేదు. సముద్రమే ట్యాంకరెక్కి బందరు నుంచి కాజీపల్లికి వచ్చింది. అది తొంభై ఏడో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. మూతపడ్డ మందుల ఫ్యాక్టరీ వెనక ఆరు తొట్లలో ఆ ఉప్పునీళ్లు నింపించింది విజయకుమారి. సంగారెడ్డిలో కిరాణా వ్యాపారుల ఇంటి ఆడపిల్ల, సముద్రాల గురించి పెద్ద చదువు చదివింది.

ఆ ఫ్యాక్టరీలోనే మురుగునీటి తొట్టి దగ్గర పద్నాలుగేళ్లు పనిచేసిన సోమయ్యను వెతికి పిలిపించింది. పని పోయి ఏడాదిన్నరగా అరుగు మీద కూర్చొని భార్య నర్సింహమ్మ చేత మాటలు పడుతున్న మనిషికి మళ్లీ ప్రాణం లేచొచ్చింది.

చేయాల్సింది తేలికే. పొద్దున ఏడింటికి ఒక్కో తొట్టిలోంచి సీసాడు నీళ్లు పట్టి, పచ్చదనం ఎంతో కొలిచి రాయాలి. సముద్రంలో కంటికి ఆనని మొక్కలుంటాయనీ, మన పొగగొట్టాలు వదిలేదాంట్లో కొంత అవే మింగుతాయనీ విజయకుమారి చెప్పింది. ఎంత తిండికి ఎంత పెరుగుతాయో తను కంప్యూటరులో లెక్క కడుతోంది. ఆ లెక్క తొట్ల కొలతలతో సరిపోతే, లోకం మొత్తానికి ఎండావానా లెక్కగట్టే పెద్ద కంప్యూటరులో కలుపుతారట. సరిపోకపోతే నెలాఖరుకు పూణె నుంచి వచ్చే పెద్దలు తొట్లు మూయిస్తారట. ఈ చివరి మాట సోమయ్యకు బాగా అర్థమైంది.

ఐదు తొట్లకు ఆమె తిండిగా ఏవో మందులు కలిపింది. మూడోదానికి ఏమీ వేయలేదు. దాంట్లో నీళ్లు అద్దంలా తేరుకుంటుంటే సోమయ్యకు అన్నం సయించలేదు. ఫ్యాక్టరీలో తొట్టి అలా పలచబడిందంటే లోపల మురుగును తినే పురుగు చస్తున్నట్టే. అప్పుడు బెల్లమూ, పేడా కలిపి పోసేవాళ్లు. మేడమ్ మరిచిపోయి ఉంటుంది, పాపం ఆమెకు ఎన్ని పనులని, రోజూ ఆమె రాకముందే ఇంటి బర్రె పేడ, అరకిలో బెల్లం నీళ్లలో పిసికి, పాత తువ్వాలలో వడగట్టి పోయసాగాడు.

పన్నెండో రోజుకు మూడో తొట్టి పాలకూర రుబ్బి పోసినట్టయింది. సోమయ్యకు కడుపు నిండింది. విజయకుమారికి మాత్రం నిద్ర పట్టలేదు. కంప్యూటరేమో తిండి వేయని ఆ తొట్టిలో ఏమీ పెరగకూడదంటోంది. నాలుగు రోజులు లెక్కలన్నీ తిరగేసి, చివరికి చేతులెత్తేసింది.

"నా లెక్కే తప్పు సోమన్నా. తిండి లేకున్నా మొక్కలు పెరుగుతయని మార్చి రాస్త."

సోమయ్య తనూ ఓ లెక్క వేసుకున్నాడు. తన బర్రె పేడ పోయి పెద్ద కంప్యూటరులో పడి, లోకంలో వానలన్నీ తారుమారవుతాయి. చెబితే పని పోతుంది. చెప్పకపోతే వానలు పోతాయి.

"అట్ల రాయకుండ్రి మేడమ్. అవి ఉపాసం లేవు."

"మరి?"

"నేనే పెడ్తున్న. బెల్లం, పెండ."

ఆమె బోర్లించిన బకెట్ మీద కూలబడింది.

"సముద్రంల బర్రెలుంటయా సోమన్నా?"

"నేనేడ సూసిన మేడమ్, మీరే సెప్పాలె."

ఇక పని పోయినట్టే. సోమయ్య తన రాతపుస్తకాన్ని స్టూలు మీద పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకొని గేటు దాకా నడిచాడు. వెనక నుంచి ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఆ పుస్తకం. ఆమె ఎన్నడూ తిప్పని చివరి పేజీల్లో, ఏ రోజు ఎంత బెల్లం, ఎంత పేడ పోశాడో ఫ్యాక్టరీ అలవాటు చొప్పున గ్రాములతో సహా రాసి ఉంది.

"ఆగు సోమన్నా. పెండ పచ్చిదా, ఎండిందా?"

"పచ్చిదే. ఎండింది పిడకలకు వోతది."

పేడలో ఏమేముందో పరీక్ష చేయించి, పుస్తకంలోని తేదీల ప్రకారం కంప్యూటరుకు ఎక్కించింది. లెక్కలో ఒక్క ముక్క మార్చకుండానే, తెర మీది గీత తొట్టి పచ్చదనంతో పాటు మెట్టు మెట్టు ఎక్కింది.

నెలాఖరుకు వచ్చిన పెద్దల్లో ఒకాయన, ఇంత గట్టి పరీక్ష పెట్టింది ఎవరని మెచ్చుకుంటూ అడిగాడు. విజయకుమారి సోమయ్యను చూపించింది. ఎందుకు పోశావని ఆయన హిందీలో అడిగితే, "భూకే థే సాబ్" అన్నాడు సోమయ్య. ఆకలి మీదున్నాయి, అంతే.

తొట్లు మరో రెండేళ్లు నడిచాయి. మూడోదాని చుట్టూ విజయకుమారి జాలీ కట్టించి తాళం వేయించింది. ఏడింటికల్లా వచ్చి కొలతలు రాసేది ఇంకెవరూ లేరు గనక, తాళంచెవి సోమయ్యకే ఇచ్చింది.