లింబాద్రి చేసిన మరబొమ్మ పెట్టె

మా లింబాద్రికి చెయ్యి ఎంత తొందరో నోరు అంత నిమ్మళం. ఒక్క మాట అడిగితె రెండు దినాలకు జవాబిస్తడు. పద్నాలుగేండ్ల సంది బహ్రెయిన్ల షట్టరింగ్ కార్పెంటర్. సిమెంటు పోసెతందుకు ప్లైవుడ్ పెట్టెలు కట్టుడు, గట్టిపడ్డంక వాటిని ఊడదీసుడు, అదే ఆయన పని. గుదైబియా బస్తీల ఒక్క ఫ్లాట్ల ఆర్గురం ఉంటం. అందరికి వండిపెట్టేది నేనే, భీమన్నను. కాబట్టి అందర్ని తిట్టే హక్కు గుడ నాదే.

కింది అంతస్తుల స్టెల్లమ్మ ఉంటది. కాకినాడ దిక్కామె, క్లినిక్కుల నర్సు. జ్వరమొచ్చినా, చెయ్యి తెగినా ఆమె దగ్గరికే ఉరుకుతం. ఆమె బిడ్డ లూర్దుమేరికి ఏడేండ్లు. మెట్ల మీద మాతోని గడగడ ముచ్చట వెడ్తది గని, నలుగురు చూస్తే చాలు బిగుసుకపోతది. పోయినేడు చర్చి పిల్లల ప్రోగ్రాంల స్టేజీ ఎక్కి, పేరు గుడ చెప్పలేక ఏడ్చి దిగిందట. పిల్లలు ఎక్కిరిచ్చిండ్రట. అప్పటిసంది బడిల గుడ నోరు తెరుస్తలేదు. ఈయేడు మళ్ల అదే ప్రోగ్రాం, బొమ్మల వేషాలు.

"ఈసారి కూడా ఏడ్చి దిగితే, ఇంక అది ఎప్పటికీ నలుగురిలో నోరు విప్పదేమో అన్నయ్యా" అని స్టెల్లమ్మ కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది.

పిల్ల ఒక్కటే షరతు పెట్టింది, తన మొఖం ఎవ్వలకు కనవడొద్దని. లింబాద్రి ఆ మాట విని, రెండు దినాలాగి, పెట్టె చేస్త బిడ్డా అన్నడు. కీ ఇస్తే నడిచే మరబొమ్మ వేషం. తలకాయ మీదినుంచి మోకాళ్లదాంక పెట్టె, కండ్లకు రెండు తొర్రలు.

కొన్నది ఒక్క జిగురు డబ్బనే. ఫ్రిజ్‌ల దుకాణం ముంగట పారేసిన అట్టపెట్టె మోసుకొచ్చిండు. ఏసీ పనోళ్లు ఇడిసిపెట్టిన వెండి టేపు ముక్కలు ఏరిండు. కెఫెటేరియా మలబారి భాయ్ సీసా మూతలు దాచిపెట్టి ఇచ్చిండు. డ్యూటీ నుంచి రాంగనే నా వంటింటి ముంగటనే అట్టలు పరిచి, టేపు అంటిచ్చి, మూతలతోని బటన్లు, గడియారాల లెక్క మీటర్లు, నడుమ ఎర్రటి గుండె పెట్టిండు. సైటుల మిగిలితె తెచ్చిన ఎర్ర రంగు నా ఉల్లిగడ్డల సంచి మీద పడ్డది. తిట్టిన. వింటె గద. గని అబద్ధమెందుకు, దుకాణంల బొమ్మకంటె మంచిగ కుదిరింది.

ప్రోగ్రాం శుక్రవారం. ఆ పొద్దే ఆయనకు ఓవర్‌టైం పడ్డది. ఉరుకొచ్చేసరికి కింద వ్యాను హారన్ కొడ్తున్నది. అట్టలు నిలవెట్టి, జిగురు పూసి, ముంగటి సగం, ఎనుక సగం రెండు దొప్పలు చేసి, సైటుల చువ్వలు కట్టే సన్నటి ఇనుప వైరుతోని బిగిచ్చిండు. పావుగంటల ఖలాస్. చూసి నేను నోరెళ్లబెట్టిన.

షట్టరింగుల నున్నటి మొఖం ఎప్పుడు లోపటికే పెడ్తరు. సిమెంటుకు తగిలేది అదే గదా. బయట ఎట్లున్నా ఎవడు చూడడు. పద్నాలుగేండ్ల అలవాటు, చేతులు వాటి పని అవి చేసుకపోయినయి. బటన్లు, మీటర్లు, గుండె, అన్ని లోపటికే పోయినయి. బయట ఫ్రిజ్ బొమ్మ, పగుల్తది పైలమని గలాసు గుర్తు, ఈ దిక్కు పైకి అని రెండు బాణాలు.

"నీ చేతులు పాడుగాను, ఏంజేసినవ్‌ర?" అన్న.

లింబాద్రి మొఖం తెల్లవడ్డది. వైర్లు తీసినా, దొప్పల మూలలకు జిగురు పట్టింది, తిరగేస్తె అట్ట చినుగుతది. హారన్ ఆగుతలేదని స్టెల్లమ్మ పిల్లను తీసుకోని పైకొచ్చింది. ఇగ చేసేదేమున్నది, అట్లనే పిల్ల మీద బోర్లిచ్చినం. తర్వాత లోపట టక్కుటక్కుమన్నది. బటన్లన్నీ నాకే ఉన్నాయి మామయ్యా అని పిల్ల సంబురపడ్డది.

సనాబిస్ల ప్రోగ్రాం పెట్టిన హాలుకు లింబాద్రితోని నేను గుడ పోయిన, ఇసొంటి తమాషా ఇడుస్తనా? మరబొమ్మ అని మైకుల చెప్పంగనే స్టేజీ మీదికి ఫ్రిజ్ నడిచొచ్చింది. హాలంత ఒక్కటే నవ్వు. ముంగటి వరుస పిల్లలైతె ఫ్రిజ్, ఫ్రిజ్ అని లొల్లి. పెట్టె ఉన్నకాడనే ఆగిపోయింది. ఇగ ఏడుస్తది అనుకున్న. లింబాద్రి తలకాయ దించుకున్నడు.

పెట్టెల నుంచి సన్నగ గొంతు వచ్చింది, ఇది ఫ్రిజ్ కాదు, బొమ్మ లోపలుంది అని. నవ్వు ఆగలే. అప్పుడు పిల్లకు కోపమొచ్చింది.

"లింబాద్రి మామయ్యా, వచ్చి తెరువు. వీళ్లకి చూపించాలి."

లింబాద్రి జేబుల పట్కారు తీసి స్టేజీ ఎక్కిండు. సైటు మీద ఇప్పినట్టె నాలుగు వైర్లు కత్తిరిచ్చి, దొప్పలు మెల్లగ తీసి అటొకటి ఇటొకటి నిలవెట్టిండు. లైట్లకు వెండి టేపు తళతళ మెరిసింది. నవ్వేటోళ్లంత మెడలు సాపి చూడవట్టిండ్రు. నడుమ పిల్ల నిలవడ్డది, జుట్టంత చెమట, మొఖం అందరికి కనవడుతనే ఉన్నది. దానికి ఆ సోయే లేదు. ఏ బటన్ నొక్కితె నడుస్తదో, ఏది నొక్కితె ఆగుతదో, గుండె ఎక్కడున్నదో ఒక్కొక్కటి తట్టి చెప్పుకుంట పోయింది. మైకాయన పేరడిగితె, "లూర్దుమేరి. ఇది చేసింది మా మామయ్య" అని చెయ్యి చూపించింది.

హాలంత మా లింబాద్రి దిక్కు తిరిగి చప్పట్లు కొట్టింది. ఆయన పోయి పెట్టె సగం ఎనుక దాక్కున్నడు. పిల్లనే పోయి, చెయ్యి పట్టి బయటికి గుంజింది.