పెళ్లికి ముందొచ్చే ట్యాంకు బండి

బాన్సువాడ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా, శుభలేఖలు అచ్చుకాకముందే పండరికి తెలిసిపోతుంది. చుట్టాలు దిగకముందే సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించుకోవాలి కదా! డ్రైనేజీ లేని ఊళ్లు, పొలాల మధ్య విసిరేసినట్టున్న ఇళ్లు. వాటన్నిటికీ పండరి బండే దిక్కు. లావుపాటి పైపు గుంతలోకి వదిలి మోటారు వేశాడంటే, లోపలున్నదంతా బండిలోకి పీల్చేస్తుంది. పని అయ్యేదాకా అన్నా, అన్నా అంటారు. పైపు చుట్టగానే ముక్కు మూసుకుని తలుపేసుకుంటారు. ఇన్నేళ్లలో అతణ్ణి పెళ్లికి పిలిచిన మహానుభావుడు ఒక్కడూ లేడు. పిలవకపోతే మానె, బజార్లో ఎదురుపడితే ముఖం కూడా తిప్పుకుంటారు!

ఒక రోజు, వర్ని ఊరికి వెళ్లే దారిలో పొలంలోనే ఇల్లు కట్టుకున్న నగేశ్ ఫోన్ చేశాడు.

"అన్నా, మా అమ్మను దవాఖానోళ్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఇగ ఎక్కువ దినాలు ఉండదంట. చుట్టాలందరొస్తరు, ట్యాంకేమో నిండింది. నాకు మాత్రం పిలువబుద్ధయితదా చెప్పు? అమ్మకు మాత్రం తెల్వనియ్యకు. నిమ్మళమైతదనే చెప్పినం."

పండరికి వెళ్లబుద్ధి కాలేదు. మనిషి ఉండగానే చావు ఏర్పాట్లేమిటని మనసు పీకింది. కాదంటే ఆ వచ్చే జనం ఎక్కడికి పోతారు? తిట్టుకుంటూనే బండి తీశాడు.

ట్యాంకు ఇంటి వెనకుంది. పైపు వరండాలోంచే లాగాలి. ఆ వరండాలోనే మంచం మీద నగేశ్ తల్లి గంగమణి పడుకుని ఉంది. ఎముకలగూడులా ఉంది పాపం. పక్కన మనవరాలు పల్లవి కూర్చుని విసురుతోంది. అడుగులో అడుగేసుకుంటూ వెళ్తున్నా, పైపు రాసుకున్న చప్పుడుకు ముసలామె కళ్లు తెరిచింది.

"ఎవ్వలు బిడ్డా?"

"ట్యాంకు బండోన్ని అవ్వా."

"ట్యాంకు బండా? మా ఇంట్ల ఏముందని?"

గుమ్మంలో నగేశ్ కొయ్యబారిపోయాడు. పండరే ఏదో ఒకటి చెప్పాలి.

"పెండ్లి అవ్వా! నీ మనుమరాలికి మంచి సంబంధం కుదిరిందట గద!"

పల్లవి ఉలిక్కిపడి, అంతలోనే తేరుకుని, "అవునే అవ్వా" అంది. గంగమణి బోసినోటితో నవ్వింది. "నాకొక్కదానికే చెప్పలేదేందే?" అంటూ జావ అడిగింది. పల్లవి గబగబా వంటింట్లోకి పోయింది. నగేశ్ ఇక నిలబడలేక తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు పండరి. అప్పుడు ముసలామె వేలితో దగ్గరికి పిలిచింది.

"పెండ్లింటికి ముందుగాల సున్నమేస్తరు బిడ్డా. గా గోడలు సూడు."

వానలకు మరకలు పట్టిన గోడలు. పండరి అబద్ధం దొరికిపోయింది. ఛీ, ఏం బతుకురా నాదనుకున్నాడు.

"నేనేం భయపడుత లేను. నా కొడుకే నిన్నటిసంది లోపల్లోపల ఏడుస్తుండు. నాకు తెలిసిందని వానికి చెప్పకు." కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ అంది: "పెండ్లన్నవు గద, నువ్వు గూడ రావాలె. కడుపు నిండ తినిపోవాలె."

నగేశ్ కళ్లు తుడుచుకుని వచ్చాడు. ముసలామె ఉన్న శక్తంతా కూడగట్టుకుని, "నగేశా, గీ పిల్లగాన్ని పిలుసుడు మర్వకు" అంది. అతను తలూపాడు.

ఆ వారంలోనే గంగమణి పోయింది.

తర్వాత ఒక పెళ్లివారింట్లో మోటారు నడుస్తుండగా నగేశ్ ఫోన్ వచ్చింది. అమ్మ దినాలు ఎప్పుడో చెప్పి రమ్మన్నాడు. పండరి అలవాటు కొద్దీ, "బండి ఎప్పుడు తేవాలె?" అన్నాడు.

"బండి వద్దన్నా. అమ్మ పిలువుమన్నది. నువ్వు రా."

పండరి మోటారు ఆపేశాడు. ఎవరింటి ముందున్నాడో కూడా మరిచిపోయి, బండికి ఆనుకుని భోరున ఏడ్చాడు.