బొంత పోనాది

పరాయి దేశంలో నేను పోగొట్టుకున్న వస్తువేమిటో చెబితే ఇప్పటికీ జనం నవ్వుతారు. పాస్‌పోర్టు కాదు, వాచీ కాదు, బంగారం అంతకన్నా కాదు. బొంత. ఓడరేవు పక్కన మల్కాపురంలో మేం అద్దెకున్న ఇంటి అరుగు మీద కూర్చుని, తన పాత చీరలూ నాన్న లుంగీలూ పొరలు పొరలుగా పరిచి మా అమ్మ చేత్తో కుట్టిన బొంత. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. దాని కోసం ఏడ్చినంతగా నేను మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

తొంభైల చివర్లో ఇక్కడ ఓడల మరమ్మతు కాంట్రాక్టు పనులు సరిగ్గా దొరక్క, బహ్రెయిన్‌లో ఒక యార్డుకి వెల్డర్‌గా కుదిరాను. బయల్దేరే రోజు అమ్మ బొంతని చుట్టచుట్టి, నైలాన్ తాడుతో బిగించి నా చేతిలో పెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"ఎడారికెళ్ళేవోడికి బొంతేటే అమ్మా? నలుగురూ నవ్వుతారు."

"ఏసీ గదులంట కదా. నీకు సలేస్తే కప్పడానికి నాను రాగల్నేటి అక్కడికి? నోర్మూసుకుని అట్టుకెళ్ళు."

ఆ నాలుగు మాటలకే దగ్గు తెర వచ్చేసింది. చాన్నాళ్ళుగా ఉన్న దగ్గే. పెద్దాసుపత్రిలో మందులిస్తే కొన్నాళ్ళు మింగేది, కాస్త తెరిపిన పడగానే మానేసేది. ఆ దగ్గు చూసి ఇంక ఎదురు చెప్పలేక బొంత చంకన పెట్టుకుని బయల్దేరాను.

బొంబాయిలో కౌంటర్ కుర్రాడు అది చేతిలో పట్టుకెళ్ళడానికి వీల్లేదన్నాడు. చీటీ అంటించి లోపలికి తోసేశాడు. బహ్రెయిన్‌లో దిగాక నా సూట్‌కేసు వచ్చింది, బొంత రాలేదు. అందరి పెట్టెలూ వెళ్ళిపోయి, బెల్టు ఆగిపోయేదాకా అక్కడే గుడ్లప్పగించి నిలబడ్డాను.

పోయిన సామాన్లు చూసే గదిలో ఒక మలయాళీ ఆయన ఉన్నాడు. నా వచ్చీరాని హిందీలో చెప్పుకున్నాను. ఏ రంగు అన్నాడు. బొంతకి రంగేమని చెప్తాం, నా ఖర్మ! అన్ని రంగులూ అన్నాను. కొత్తదా అన్నాడు. నేను పుట్టకముందటి చీరలు అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పాత దుప్పటి కోసమా ఇంత గొడవ అన్నాడు. "దుప్పటి కాదు నాయనా, బొంత!" అని తెలుగులో అరిచాను. ఆయనకేం అర్థమైందో గానీ, వచ్చే శుక్రవారం రమ్మన్నాడు.

శుక్రవారం మాకు సెలవు. ఇంటికి ఫోన్ చేసేదీ ఆ రోజే. మా ఇంటి పక్కన ఎస్టీడీ బూత్ నడిపేవాడు నన్ను బావా అనేవాడు, అమ్మని అత్తా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు అలవాటు అది. నా గొంతు వినగానే గోడ అవతలికి కేకేసేవాడు. అమ్మ దగ్గుకుంటూ వచ్చి ఫోన్ అందుకునేది.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఆమె అడిగిన మొదటి మాట, "బొంత ఇప్పేవా?"

పోయిందని చెప్పాను. "పోనాదా!" అంది.

అప్పట్నుంచి తిన్నావా లేదు, పడుకున్నావా లేదు. ఎప్పుడు చేసినా "దొరికిందా?" అనే అడిగేది. నేను లేదనేవాణ్ణి. "దొరికితే యెంటనే ఇప్పి సూడు. అలాగే వొదిలీకు" అనేది. ఎందుకే అంటే చెప్పేది కాదు.

వారం వారం ఆ గొంతు సన్నబడిపోవడం నాకు వినిపిస్తూనే ఉంది. "అత్త సరిగ్గా తినట్లేదు బావా," అన్నాడు బూత్ అతను. "బొంత పోనాది, నా సేత్తో కుట్టింది నా కొడుకు దాకా ఎళ్ళనేదు అని ఒకటే పాట." ఇంక నావల్ల కాలేదు. పోనీ, ముసలి ప్రాణం కుదుటపడుతుంది కదా అని ఒక శుక్రవారం అబద్ధమాడాను.

"అమ్మా, బొంత దొరికింది."

"అయితే లోపలేటుందో సెప్పు."

నా అబద్ధం అక్కడితో సరి. ఆమె ఫోన్ పెట్టేసింది. నేను పనివాళ్ళ క్యాంపులో పై మంచమెక్కి, గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా బతుకులో అంత అధ్వాన్నమైన సెలవు రోజు ఇంకోటి రాలేదనుకున్నాను అప్పటికి. ఆ తర్వాత నాకు ఒకటే ధ్యాస. దొరికింది అనే మాట నిజంగా ఆమెకి చెప్పాలి. ఇంకేమీ వద్దు.

ఒక శుక్రవారం పొద్దున్నే వెళ్ళేసరికి మలయాళీ ఆయన దూరం నుంచే చెయ్యెత్తాడు. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. బొంత వేరే దేశం పోయిందట. అక్కడ కంపు కొడుతోందని ఆపేశారట. ప్లాస్టిక్ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అమ్మ కట్టిన తాడు ముడి అలాగే ఉంది. విప్పాను. మడతల మధ్య పాత జాకెట్టు గుడ్డలో కట్టిన మూట. మూటలో ఎండు నెత్తళ్ళు! నాకు చింతకాయ వేసి వండిపెట్టే నెత్తళ్ళు. మా అమ్మ విమానంలో దొంగతనంగా సేపలు పంపింది! అంతమందిలో నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. మలయాళీ ఆయన చూసీ చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

బయట ఫోన్ బూత్ దగ్గరికి పరిగెత్తాను. ఎలా తిట్టాలో దారిలోనే అనుకున్నాను. ముసలిదానా, దేశదేశాలు కంపు కొట్టించావు కదే, అని మొదలుపెట్టాలి.

బూత్ అతనే ఎత్తాడు. లైను గరగరమంటోంది.

"బావా... పోనాది బావా."

మళ్ళీ అదే పాట. నాకు విసుగూ సంతోషమూ ఆగలేదు. "పోలేదెహె! దొరికింది! దొరికింది బావా!" అని నవ్వుతూ అరిచాను. "అమ్మని పిలు. ఈసారి అబద్ధం కాదు, లోపల నెత్తళ్ళున్నాయని సెప్పు."



"ఏటంటన్నావ్ బావా నువ్వు?" అన్నాడు. "అత్త పోనాది. తెల్లారగట్ల. నీకు సెప్దామని పొద్దుట్నుంచీ మీ క్యాంపుకి కొడతన్నాను, కలవట్లేదు."

కాస్త నాజూగ్గా మాట్లాడే ఇళ్ళలోనైతే పోయారు అనేవారు. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైపోయేది. బొంతని పట్టుకుని ఎవరూ పోయారు అనరు కదా. కానీ అతనికి ఆమె పరాయిది కాదు, అందుకే పోనాది అన్నాడు. మా దగ్గర వస్తువు పోయినా పోనాదే, తల్లి పోయినా పోనాదే. మా అమ్మ చావు కబురు వింటూ నేను నవ్వాను.

రాలేకపోయాను. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, కొత్తగా చేరినవాడికి సెలవు లేదన్నారు. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. నా బదులు బూత్ అతనే కుండ పట్టాడు. బొంతని మంచం కిందకి తోసేశాను. దాని వాసన గది నిండా ఉండేది, తోటివాళ్ళు గొడవ చేసేవారు. ఉతకమనేవారు. నేను ఉతకలేదు, కప్పుకోనూ లేదు.

కాంట్రాక్టు అయ్యాక ఇంటికొచ్చాను. బూత్‌లో అతని పక్కన కూర్చుని, ఫోన్‌లో అడగలేనిది అడిగాను. దింపుడు కళ్ళం దగ్గర ఏం చేశావని. శ్మశానం దారిలో పాడె దింపి, ప్రాణం ఇంకా ఏ మూలనైనా ఉందేమోనని కొడుకు చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది. పిలవాల్సినవాణ్ణి నేను లేను.

అతను తల వంచుకున్నాడు.

"నాను పిలవలేదు బావా. అత్తా, బొంత దొరికిందంట, ఈసారి నిజిమే, లోపల నెత్తళ్ళున్నాయంట అని సెప్పాను. మూడుసార్లూ అదే సెప్పాను. లెగలేదు."