ఆగు అందో, ఆగే అందో

కారు ముందుకు దూకి అప్పలరాజు కుడికాలిని సిమెంటు స్తంభానికి అదిమేసింది. స్టీరింగు పట్టుకున్నది నేనే. ఎత్తి ఉన్న బానెట్ అడ్డం వల్ల మనిషి కనిపించలేదు. ఎముక విరిగిన చప్పుడు మాత్రం వినిపించింది, పచ్చి వెదురు విరిచినట్టు. రివర్సు వేసి వెనక్కి తీశాక ఆయన బంపరు మీదుగా జారి పడ్డాడు. కారు ముందు జాలీ నిండా నెత్తురు.

ముప్పై ఏళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో పత్రికలకు వార్తలు రాశాను. దెయ్యం కథలతో వచ్చినవాళ్లకు టీ ఇచ్చి పంపించేసేవాణ్ణి. ఒక్కటీ అచ్చుకు ఇవ్వలేదు. నా చేతిమీదుగా జరక్కపోతే ఇదీ ఇచ్చేవాణ్ణి కాదు.

రిటైరయ్యాక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. కంపెనీ స్టీరియో పీలగా పాడేది. పాత యజమాని ఈక్వలైజర్‌లో బేస్ ఆఖరిదాకా ఎక్కించి పెట్టాడు. అయినా తలుపుల స్పీకర్లు బరబరమనేవే తప్ప దరువు లేదు. సబ్‌వూఫర్ పెట్టించుకుందామని డిగ్నాబాద్‌లో అప్పలరాజు షెడ్డుకు తీసుకెళ్లాను. వాళ్ల తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చాడు. ఈయన దీవిలోనే పుట్టాడు, తెలుగులో మొదలుపెట్టిన మాట హిందీలో ముగిస్తాడు.

ముందు బేస్ సున్నాకు దించాడు. "చిన్న స్పీకర్ల మీద ఇంత బరువేటి సార్? బేచారీలు ఏడుస్తున్నాయి." బరువు శబ్దమంతా సబ్‌వూఫర్‌కి అప్పగించి, మిగతాది చెవితో సరిచేస్తానన్నాడు. స్టీరియో ప్లగ్గు పీకి, వెనక సీటు మీదుగా సబ్‌వూఫర్ పెట్టెను డిక్కీలోకి దించాడు. నేను దానికి చెవి ఆనిస్తే నవ్వాడు.

"దీన్లోంచి మాట రాదు సార్. ధమ్ ధమ్, బస్. మాటొచ్చిందంటే నా పని చెడిందన్నమాటే."

డిక్కీ తలుపు వెనక గోడకు తగిలి పూర్తిగా లేవడం లేదు. "ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. నేను ఎనక్కెళ్లి చెప్తాను, థోడా ముందుకి తియ్యండి" అన్నాడు. బ్యాటరీ వైరు కోసం బానెట్ ఎత్తే ఉంది. జానెడు దూరమే కదా అని నేనూ దించమనలేదు.

మా దీవుల్లో బండి కదిలించేటప్పుడు తెలుగువాళ్లం కూడా హిందీలోనే కేకలేస్తాం. ముందుకు రమ్మనాలంటే "ఆగే, ఆగే". ఆపమనాలంటే "బస్". ఆ పనిలో "ఆగు" అనేవాళ్లు ఉండరు.

నా వీపు వెనకనుంచి కేక వినిపించింది. ఆడగొంతు. "ఆగే! ఆగే!" అప్పలరాజు భార్య వచ్చి చెప్తోందనుకుని క్లచ్ వదిలాను. ఆమె అప్పుడు గరాచర్మలో పుట్టింట్లో ఉందని తర్వాత తెలిసింది. అప్పలరాజు వెనక్కి వెళ్లలేదు. ముందు బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టేద్దామని మనసు మార్చుకుని స్తంభానికీ బంపరుకీ మధ్యకు వచ్చాడు.

మోకాలి కింద కాలు తీసేశారు. పోలీసులు నా నిర్లక్ష్యమని రాసుకున్నారు. నేను కాదనలేదు.

మూడో రోజు వార్డులో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. కోపంగా కాదు.

"ఒక్క మాట చెప్పండి సార్. మీ బండిలో ఆవిడ 'ఆగు, ఆగు' అని గొంతు చించుకుంటోంది కదా. మరెందుకు వదిలేశారు?"

"ఎవరావిడ?"

"అరె, మీతో వచ్చినావిడ."

నేను ఒక్కణ్ణే వెళ్లాను.

పాత యజమానిని ఆరా తీశాను. ఆ కారులో ఎవరూ చనిపోలేదు, ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ మధ్యాహ్నం చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అప్పలరాజు అరుపు ఒక్కటే విన్నారు.

ఆపరేషనుకు ముందు నర్సు ఆయన చొక్కా జేబులో వస్తువులు నా చేతిలో పెట్టింది. టెస్టరు, బీడీకట్ట, ఒక ఫ్యూజు. పెట్టెకు కరెంటు అందాలంటే ఆ ఫ్యూజు బ్యాటరీ దగ్గర పడాలి. అది పడనేలేదు.

ఆవిడ నిజంగా ఆగమనే ఉంటే, ఆయన కాలు తీసింది నా చెవి. "ఆగు" అనే అందని అప్పలరాజు ఈ రోజుకీ ఒట్టేస్తాడు. నా చెవిలో మాత్రం ఇప్పటికీ "ఆగే" అనే మోగుతోంది.