నేను పుట్టించిన మునిరత్నం

ఇరవై ఏళ్ళకు పైగా ఒక పోస్టు కార్డు బరువు మోస్తున్నాను. కార్డుకు బరువేమిటని మీరు అడగవచ్చు. నేనూ అదే అడుగుతూ వచ్చాను. ఆ కార్డు ఇప్పుడు లేదు. బరువు మాత్రం ఉంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. తెలిసినవాళ్ళెవరికీ చెప్పలేకపోయాను కనుక మీకు చెబుతున్నాను.

తిరుపతిలో ఒక కాలేజీ లైబ్రరీలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను. పుస్తకాలకు కార్డులు రాయడం నా పని. ఒకే పేరుతో ఇద్దరు రచయితలు ఉన్నట్టు అనుమానం వస్తే నాకు ఒక అలవాటు ఉండేది. పుస్తకం మీదున్న చిరునామాకు పోస్టు కార్డు రాసేవాణ్ని. అయ్యా, తమ స్వగ్రామం, పుట్టిన సంవత్సరం, వృత్తి దయచేసి తెలియజేయగలరు. జవాబు వస్తే దాని మీద తేదీ ముద్ర వేసి ఒక చెక్క ట్రేలో పెట్టేవాణ్ని. "ఏం సార్, పెళ్ళి సంబంధాలు సూస్తా ఉండారా?" అని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వినా, ఏ పుస్తకం ఎవరిదని సందేహం వస్తే నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ సంగతి నాకు గర్వంగా ఉండేది. ఎంత గర్వమో అప్పుడు తెలియలేదు.

2001లో కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాం. ఆ పద్ధతి చూసి చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాను. ప్రతి రచయితకూ ఒక నంబరు. ఆయన పుస్తకాలన్నీ ఆ నంబరుకు ముడిపడి ఉంటాయి. నంబరు నొక్కితే మనిషి రాసినదంతా ఒక్కచోట కనిపిస్తుంది. అంతటితో అయిపోదు. కొన్ని లైబ్రరీలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒకరు సరిచూసిన పేరును మిగతావాళ్ళు మళ్ళీ సరిచూడక్కర్లేదు, అలాగే తీసుకోవచ్చు. మా లైబ్రరీ నుంచి ఆ పేర్లు ఎక్కించి పంపే ప్రతి సీడీతో పాటు ఒక కాగితం మీద నేను సంతకం చేసేవాణ్ని. పేర్లన్నీ ఆధారం చూసి నిర్ధారించడమైనది, అని.

ఒకే పేరు రెండుసార్లు వస్తే యంత్రం అడిగేది, ఈ ఇద్దరూ ఒకరేనా అని. అవునని నొక్కితే ఒక నంబరు మాయమై, దాని పుస్తకాలు రెండో నంబరు కిందికి చేరిపోయేవి. ఒకసారి చేరినవాటిని విడదీయాలంటే ఒక్కో పుస్తకాన్నీ మళ్ళీ చేత్తో మార్చాలి.

ఒక సాయంత్రం సీడీ పంపాలి. దాన్ని తీసుకుని రేణిగుంటలో రైలెక్కాల్సిన సహోద్యోగి సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్క పేరు మిగిలింది. కె. మునిరత్నం. ఒకాయన మద్రాసులో ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు, ఇరవై పుస్తకాలు రాశాడు. ఇంకో మునిరత్నం పేరు మీద మూడు చిన్న పుస్తకాలు, పుత్తూరులో అచ్చయినవి. మా జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు కదా, ఆ ఆటల్లో పాడే పాటలు. ఈ పాటల మునిరత్నానికి కార్డు రాసిన గుర్తు ఉంది. జవాబు వచ్చిందో లేదో గుర్తు లేదు. ట్రే నా కుర్చీకి మూడడుగుల దూరంలో ఉంది. లేవలేదు. అవునని నొక్కాను.

ఎందుకు లేవలేదు? తొందరా? ఆ రోజు అంతకు ముందు ముప్ఫై ఎనిమిది పేర్లకు లేచాను. ఇన్నిసార్లు జాగ్రత్తగా ఉన్నాను, ఒక్కసారికి ఏమవుతుంది అనుకున్నానా? జాగ్రత్త కూడా మనిషిని అజాగ్రత్తగా చేస్తుందా? ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు.

మూడు రోజుల తరువాత ట్రే సర్దుతుంటే జవాబు కనిపించింది. పెద్ద పెద్ద అక్షరాలు. కార్వేటినగరం దగ్గరి పల్లె. పుట్టిన సంవత్సరం. రిటైరైన డ్రిల్లు మాస్టరు. దాని మీద నా చేత్తో వేసిన ముద్ర, నేను మీట నొక్కిన రోజుకు పదకొండు రోజుల ముందుది.

మార్చాల్సింది మూడు పుస్తకాలు. పది నిమిషాల పని. కానీ సీడీ వెళ్ళిపోయింది, నా సంతకంతో. ఆధారం చూడకుండా సంతకం చేశానని అన్ని లైబ్రరీలకూ రాయాలి. అదే తప్పు చేసినందుకు రెండు నెలల కిందట తోటి ఉద్యోగి ఒకాయన్ను అందరి ముందూ మందలించాను. కార్డును నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాను.

ఆ రోజు డైరీలో రాశాను, మునిరత్నం గారి నుంచి జవాబు రాలేదు అని. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. నలభై ఏళ్ళ డైరీల్లో అదొక్కటే అబద్ధం. ఎవరిని నమ్మించాలని రాశాను?

ఆ ఏడాదే ఆ డ్రిల్లు మాస్టరు లైబ్రరీకి వచ్చాడు. డెబ్భై దాటినా నిటారుగా నడిచాడు. తిరుచానూరులో అమ్మవారిని చూసుకుని, అటునుంచి అటే వచ్చానని చెప్పాడు. కంప్యూటర్లో తన పుస్తకాలు చూపించమన్నాడు. చూపించాను.

ఆయన తెర దగ్గరికి వంగి వేలితో ఒక్కో వరుసా చదివాడు. "సహకార సంఘాల మీద నేనెప్పుడు రాస్తినప్పా? మా ఇంటామెకూ నాకే సహకారం లేదే."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మీరు కార్డు రాస్తిరి గదా సార్, ఊరూ పేరూ అడిగి. ఆ పొద్దే జవాబు రాసి ఏసినాను."

"రాలేదు మాస్టరూ."

"రాలేదా?"

"రాలేదు. వచ్చింటే ఇట్లయ్యేదే కాదు."

ఆయన తెర మీది నుంచి వేలు తీశాడు. "మా పోస్టుమ్యాను నా దగ్గిర డ్రిల్లు సేసినోడే. ఆ పొద్దే వానికి కుడికాలేదో ఎడమకాలేదో తెలీదు. అడగతాను వాణ్ణి." తరువాత మెల్లగా అన్నాడు, "ఇప్పుడు రాసిస్తే మారతాదా?"

"ఒద్దులే మాస్టరూ. పైకి నేను రాస్తాను."

"రాయప్పా. నా పేరు కోసరం కాదు. పాటలు పాడినోళ్ళు ఏడుమంది ఉండారు, మా సుట్టుపక్కల పల్లెల్లో. రేపు యెవరన్నా ఆ పాటలు యెతుక్కుంటా వస్తే మా ఊరికి రావాల గదా. మద్రాసుకు పోతే యెట్ల?"

లైబ్రరీ సూచిక ఎందుకు కావాలో అంత తేలిగ్గా చెప్పినవాళ్ళను నేను చూడలేదు. పుస్తకం నుంచి మనిషికి, మనిషి నుంచి ఊరికి, ఊరి నుంచి పాటకు దారి. నేను జీవితమంతా చేసిన పని అదే. ఆ దారిని నేనే మూసి, ఆయనతో రాస్తానని చెప్పాను. రాయలేదు. మొదట రేపు రాద్దామనుకున్నాను. తరువాత, ఇంత ఆలస్యంగా రాస్తే ఎందుకని అడుగుతారనుకున్నాను. ఆ తరువాత ఏమీ అనుకోలేదు. నాలుగేళ్ళకు ఆయన పోయాడని ఆ వైపు నుంచి వచ్చిన ఒకతను మాటల్లో చెప్పాడు. పోస్టుమ్యానుతో ఆయన చివరిదాకా మాట్లాడలేదట. అదీ అతనే చెప్పాడు, ఒక తమాషా సంగతిలాగా.

రిటైరయ్యాక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళడం అలవాటైంది. ఒక నోటుబుక్కు పెట్టుకుని, నా తప్పు ఎక్కడెక్కడికి పోయిందో రాసుకునేవాణ్ని. సిగ్గుతో మొదలైంది. నిజం చెప్పాలంటే తరువాత కుతూహలమే ఎక్కువైంది. నేను పేరు కూడా వినని ఊళ్ళ లైబ్రరీల్లో అది ఉంది. ఎవరూ సరిచూడలేదు. ఎందుకు చూస్తారు, సరిచూశానని నేను సంతకం చేశాక? ఒకచోట ప్రొఫెసరు గారి పుట్టిన సంవత్సరం, మాస్టరు గారి పాటలు, వాళ్ళిద్దరి జీవితాలూ కలిపి రాసిన నాలుగు వాక్యాల పరిచయం కూడా కనిపించాయి. మద్రాసులో పాఠాలు చెబుతూ సెలవుల్లో పల్లెలు తిరిగి పాటలు సేకరించిన ఆర్థికవేత్త. అలాంటి మనిషి ఎన్నడూ లేడు. అతన్ని నేను పుట్టించాను. చదువుతూ ఉంటే అతను నాకు బాగా నచ్చాడు కూడా. ఆ మాట రాయడానికి చెయ్యి ఆడడం లేదు, అయినా రాస్తున్నాను.

తరువాత ఒక పరిశోధకురాలి వ్యాసం దొరికింది. ఆ పాటగాళ్ళ కోసం రెండేళ్ళు మద్రాసు చుట్టుపక్కల తిరిగిందట. ఎవరూ దొరకలేదట.

ఆమెకు ఉత్తరం రాశాను. పాటలు ఏ పల్లెలవో, ఎవరిని అడగాలో రాశాను. కార్డు సంగతి రాయలేదు. అప్పటికీ చేత కాలేదు. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. కార్వేటినగరం వైపు వెళ్ళిందట. ఏడుగురిలో ఒకాయన మిగిలి ఉన్నాడట, పల్లవి వరకు పాడి, చరణం గుర్తు రాక ఊరుకున్నాడట. చివర్లో ఆమె ఇలా రాసింది: మీలాంటి జాగ్రత్తపరులు ఉండబట్టే ఈ మాత్రమైనా దొరికింది.

ఆ వాక్యం నేను భరించలేకపోయాను.

మరునాడే లైబ్రరీకి వెళ్ళాను. నా కుర్చీలో ఇప్పుడు ఉన్నావిడకు నలభై ఏళ్ళుంటాయి. విషయం సగం చెప్పాను. పది నిమిషాల్లో మూడు పుస్తకాలనూ వేరు చేసి మాస్టరుకు కొత్త నంబరు ఇచ్చింది. "మన దగ్గర మారినాది సార్. మిగతావాళ్ళు మార్చుకుంటారో లేదో సెప్పలేము" అంది. ఆధారం అనే గడి దగ్గర ఆగి, ఏం రాయమంటారని అడిగింది.

"రచయిత స్వయంగా రాసిన కార్డు 2001లో లైబ్రరీకి అందినది" అని చెప్పాను. టైపు చేసింది.

"ఆ కార్డు యాడుండాది సార్?"

చెప్పాను. ముక్కలు చేసిన సంగతి, మాస్టరుతో అన్న మాట, అంతా.

ఆమె నా వైపు చూడకుండా, కార్డు ప్రస్తుతం లభ్యం కావడం లేదు అని టైపు చేసింది. "ఇట్ల ఉంటే సాలు గదా సార్. ఎవరడగతారు?"

దయతోనే అంది. అలాంటి వాక్యమే ఒకప్పుడు నా డైరీలో నేనూ రాసుకున్నాను.

"చెరిపేయమ్మా" అన్నాను.

చెరిపేసింది. మళ్ళీ రాయలేదు. కీబోర్డును నా వైపు జరిపింది. తెలుగు టైపు నాకు సరిగా రాదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, రెండు వేళ్ళతో, ఆ కార్డును నేనే చింపాను అని రాసి, కింద నా పేరు పెట్టాను.