సమత పేరిట బియ్యం

అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేసే సమత పదిహేనో ఏట ఇల్లు విడిచిన పిల్ల. ఆ ఇల్లు ఏ దూరదేశంలోనో లేదు. అదే మండలంలో, చిన్న మంగళారంలో ఉంది. ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టదు. ఆ ఆటో ఆమె ఎన్నడూ ఎక్కలేదు.

ఎవరితోనో లేచిపోయిందని ఊరు తేల్చేసింది. ఊరికి ఆ కథే ఇష్టం, అందులో తప్పంతా పిల్లదే కదా. జరిగింది వేరు. చేవెళ్ల బస్టాండులో తోటి క్లాసు పిల్లాడితో నవ్వుతూ మాట్లాడిందని అన్న ప్రభాకర్ ఆమెను పదిమంది ముందు చెప్పుతో కొట్టాడు. బడి మాన్పించి, గదిలో వేసి గొళ్లెం పెట్టాడు. తండ్రి లేని ఇంట్లో అతని మాటే మాట. గొళ్లెం తీసిన రోజున సమత బయటపడి దొరికిన బస్సెక్కింది. ఎందుకు పోయిందని ఆనాడూ ఎవరూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. పరువు పోతుందని ప్రభాకర్ పోలీసులకు కూడా చెప్పలేదు.

బస్సులో కలిసి, పట్నంలో పని ఇప్పిస్తానన్న ఒకావిడ నిజంగానే ఇప్పించింది. ఇంటెడు చాకిరీ, మిగిలిన తిండి, జీతం సున్నా, తలుపుకు బయట తాళం. కన్నవాళ్లింట గొళ్లెం, ఇక్కడ తాళం, పిల్ల బాగానే ఎదిగింది. పద్దెనిమిదో ఏట ఒకసారి ఫోన్ చేతికి చిక్కితే ఇంటికి చేసింది. ఎత్తింది ప్రభాకర్. "మా ఇంట్ల సమత అనేటోళ్లు ఎవ్వలు లేరు" అని పెట్టేశాడు. అది ఇల్లంతా కలిసి చెప్పిన మాటేనని ఆమె నమ్మింది. అలా నమ్మే, ఆ చాకిరీ నుంచి బయటపడ్డాక కూడా ఇంటి ముఖం చూడలేదు. ఒక తాపీమేస్త్రీని కట్టుకుంది. అతడు మంచివాడే, కానీ పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడు. పిల్లలు లేరు. ఆ తర్వాతే అజీజ్‌నగర్‌లో పనికి కుదిరింది. ఊరికి దగ్గరని కాదు, జీతం బాగుందని తనకు తాను చెప్పుకుంది.

అక్కడ తోటపని చేసే మైసయ్యది చిన్న మంగళారమే. సమత ఎవరో ఆయనకు తెలియదు. పెత్రమాస దగ్గరపడుతుండగా ఒక పూట చాయ్ తాగుతూ తన ఊరి ముచ్చట ఎత్తాడు. ఆ అమావాస్యనాడు పోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తారు కదా, మాజీ సర్పంచ్ ప్రభాకర్ ఇంట్లో ఏటేటా అదే లొల్లి అట. తప్పిపోయిన చెల్లె పేరు కూడా కలపమని కొడుకు, కలపనని తల్లి గోపమ్మ.

"సచ్చింది ఎవడు సూశిండు, నా బిడ్డ పేరు బియ్యంల కలిపితె ఊకోను అని చాట గుంజుకుంటది ముసలామె" అని నవ్వాడు మైసయ్య.

సమత ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసి ఇంటావిడతో తిట్లు తిన్నది. ఒక్క తిట్టూ చెవికెక్కలేదు. ఇన్నేళ్లూ తనను బతికించి పెట్టుకున్న మనిషి ఒకరున్నారు. ఆమెకు ఏడుపూ సంతోషమూ కలిసే వచ్చాయి.

పెత్రమాస పొద్దున ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని ఆటో ఎక్కింది. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ, ఆడబిడ్డలు తల్లిగారింటికి వచ్చే రోజు. ఆటో నిండా ఆడవాళ్లు, ఒళ్లో తంగేడు, గునుగు పూల సంచులు. తల్లిగారింటికా అని పక్కనున్నామె అడిగింది. అవునని చెప్పడం సమతకు ఎంత బాగుందో.

గేటు దగ్గర ప్రభాకర్ ఆమెను గుర్తుపట్టాడు. ఈసారి చెయ్యెత్తలేదు, రాజకీయం మనిషికి మర్యాద నేర్పింది. అటూ ఇటూ చూసి, పక్క సందులోంచి తీసుకెళ్లి వెనక కొట్టంలో కుర్చీ వేశాడు. సంగతి తెలిసి గోపమ్మ పడుతూ లేస్తూ వచ్చింది. బిడ్డ చెంపలు తడిమింది, చేతులు తడిమింది, తిన్నావా అని అడిగింది. సమత ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చి, ఆనాటి ఫోన్ సంగతి బయటపెట్టింది. గోపమ్మ కొడుకు వైపు చూసిన చూపుకు ప్రభాకర్ తల దించుకున్నాడు. ఇక తన కష్టాలు గట్టెక్కినట్టేనని సమత అనుకుంది.

తల ఎత్తకుండానే అతడు అసలు సంగతి చెప్పాడు. కూతురు అక్షయకు పెద్ద సంబంధం కుదిరింది. మేనత్త చిన్నప్పుడే పచ్చకామెర్లతో పోయిందని ఆ వియ్యాలవారికి చెప్పేశారు. ఇప్పుడు ఈమె కనబడితే లగ్గం చెడుతుంది, ఆడపిల్ల బతుకు ఆగమవుతుంది. ఆడపిల్ల బతుకు గురించి ఆ ఇంట్లో ఎవరైనా బాధపడటం సమత వినడం అదే మొదలు. అంతలో అయ్యగారు వచ్చాడని పిలిస్తే గోపమ్మ లేచి వెళ్లింది.

కొట్టంలోకి ముందు వరండా కనబడదు, మాటలు వినబడతాయి. తాత పేరు, నాయనమ్మ పేరు, తండ్రి పేరు వరసగా వచ్చాయి. ఆ తర్వాత అయ్యగారు ఆగాడు.

"బిడ్డ పేరు ఈ యేడన్న చెప్తవా గోపమ్మ?"

సమత కుర్చీలోంచి లేచి నిలబడింది.

"చెప్పున్రి అయ్యగారు" అంది గోపమ్మ. "సమత."

అయ్యగారు వెళ్లాక గోపమ్మ పళ్లెంలో అన్నం పెట్టుకుని కొట్టంలోకి వచ్చింది. కళ్లు తడిగానే ఉన్నాయి కానీ ముఖం తేటగా ఉంది, మొక్కు తీర్చుకుని వచ్చినట్టు. బిడ్డ పక్కన కూర్చుని తల నిమిరింది.

"ఇన్నేండ్లు పేరు చెప్తె నిజంగనే సస్తవేమో అని భయమయ్యేది బిడ్డ. ఇయ్యాల కండ్లార సూశిన, బతికున్నవ్. ఇగ చెప్తె ఏం గాదు."

తల్లి మాటలో కపటం లేదు. ఉంటే సమత తిట్టి పోయేది, తిట్టడానికి కూడా ఏమీ మిగల్చలేదు ముసలామె.

గోపమ్మ సందులోకి తొంగి చూసి వచ్చి, చెయ్యి కడుక్కోవడానికి చెంబు అందించింది.

"జల్ది తిను బిడ్డ. పొద్దుగూకితె ఊళ్లె ఆడబిడ్డలంత బతుకమ్మలు పట్టుకొని మన వాకిట్లకే వస్తరు."